పీట మీద నిలబడిన అక్షరాలు: బరువైన స్లాబ్ సెరిఫ్ ఫాంట్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయనగరంలో చిన్న డిజైను, ప్రింటింగు దుకాణం. కరపత్రాలు, ప్యాకెట్ల లేబుళ్లు, దుకాణాల బోర్డులు, నాటకాల పోస్టర్లు చేస్తాం. కొన్నేళ్లుగా మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఫోనులో ఒక బొమ్మ చూపించి, "ఇలాంటి లావుపాటి పాతకాలపు అక్షరం కావాలి" అంటున్నారు. శ్రీకాకుళం, పలాస, బొబ్బిలి నుంచి ఫోను చేసేవాళ్లు కూడా అదే అడుగుతున్నారు. వాళ్లు చూపించేది దాదాపు ప్రతిసారీ స్లాబ్ సెరిఫ్ జాతి అక్షరమే. అది ఇంగ్లిషు లిపి కోసం పుట్టింది. మన బోర్డు మీద సగం తెలుగే ఉంటుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది కనుక, ఈ జవాబుల్లో ఎక్కువ భాగం ఆ చిక్కు గురించే.

స్లాబ్ సెరిఫ్ అంటే ఏమిటి?

ఇంటికి స్లాబు వేయించినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఇదీ ఆ స్లాబే. ఇంగ్లిషు అక్షరాల గీతల చివర కనిపించే చిన్న అడ్డగీతను సెరిఫ్ అంటారు. పుస్తకాల్లో మనం చదివే మామూలు అక్షరాల్లో అది సన్నగా, కొనదేరి ఉంటుంది. స్లాబ్ సెరిఫ్‌లో అది నిలువు గీతకు దీటైన మందంతో, చదునుగా, పలక పెట్టినట్టు ఉంటుంది. ఇంగ్లిషు పెద్దబడి 'ఐ' అక్షరాన్ని తలచుకోండి. ఒక స్తంభం, దాని కింద ఒక పీట, పైన మరో పీట. మా దుకాణంలో పనిచేసే కుర్రాళ్లు వీటిని 'పీటల అక్షరాలు' అంటారు. నాకు ఆ పేరే నచ్చింది.

ఇంత లావు స్లాబ్ సెరిఫ్‌ను డిస్‌ప్లే ఫాంటు అంటారు, అంటే పెద్ద సైజులో, కొద్ది మాటల్లో చూపించడానికి గీసిన అక్షరం. దీన్ని పేజీల కొద్దీ చదివించే ఉద్దేశంతో గీయరు. దారిన పోయేవాడు తల తిప్పి చూస్తే దాని పని అయిపోయినట్టే.

దీన్ని పాతకాలపు అక్షరం అని ఎందుకు అంటారు?

నిజంగానే పాతది కాబట్టి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో లండన్‌లో వ్యాపారం పెరిగి, లాటరీ ప్రకటనలు, నాటకాల పోస్టర్లు, సరుకు రవాణా నోటీసులు గోడలను కప్పేశాయి. అప్పటిదాకా అచ్చు అక్షరం పుస్తకం కోసమే ఉండేది. పుస్తకపు అక్షరాన్ని పెద్దది చేసి గోడకెక్కిస్తే పక్క పోస్టరు అరుపులో దీని గొంతు వినబడలేదు. అప్పుడు అక్షరాలు పోతపోసే విన్సెంట్ ఫిగిన్స్ 1815 ప్రాంతంలో గీత అంతటా ఒకే మందం, చివర్లలో బండపాదాలు ఉన్న అక్షరాన్ని తన నమూనా పుస్తకంలో చూపించాడు. దానికి 'యాంటీక్' అని పేరు పెట్టాడు. అచ్చయి ఇప్పటికి మనకు దొరుకుతున్న స్లాబ్ సెరిఫ్‌లలో అదే మొదటిదిగా చెబుతారు.

తర్వాత ఈ జాతికి 'ఈజిప్షియన్' అన్న పేరు స్థిరపడింది. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి వెళ్లినప్పటి నుంచి ఐరోపాలో ఈజిప్టు వస్తువులంటే మోజు పెరిగింది. ఆ మోజులో అంటుకున్న పేరు అది. ఈజిప్టు లిపికీ ఈ అక్షరాలకూ చుట్టరికం లేదు. అయినా వందేళ్ల తర్వాత కూడా మెంఫిస్, కైరో అని ఊళ్ల పేర్లు పెడుతూనే వచ్చారు.

1845లో రాబర్ట్ బెస్లీ ఫౌండ్రీ (అచ్చు అక్షరాలు పోతపోసే కార్ఖానా) నుంచి 'క్లారెండన్' వచ్చింది. దాన్ని చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. పీటకూ స్తంభానికీ మధ్య మూల దగ్గర చిన్న వంపు ఇవ్వడం వల్ల బరువు తగ్గకుండానే అక్షరం మెత్తబడింది. బెస్లీ ఆ డిజైనును చట్టం కింద నమోదు చేయించుకున్నాడు. అక్షరాల డిజైనుకు అలాంటి రక్షణ దొరకడం అదే మొదలు. ఆ రక్షణ మూడేళ్లే. గడువు తీరగానే ఇతర ఫౌండ్రీలన్నీ తమ తమ క్లారెండన్లు పోసుకున్నాయి.

అమెరికాలో కథ చెక్క మీదికి మారింది. పెద్ద అక్షరాన్ని సీసంతో పోస్తే మోయలేనంత బరువు. చల్లారేటప్పుడు పైముఖం సమంగా రాదు. ఖరీదు కూడా ఎక్కువ. న్యూయార్కులో డేరియస్ వెల్స్ 1827లో చెక్కను తొలిచే రౌటర్ యంత్రాన్ని ఈ పనికి పెట్టాడు. మరుసటి ఏడాదే చెక్క అక్షరాల కేటలాగు అచ్చువేశాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్‌ను జోడించాడు. అంటే ఒక నమూనా అక్షరం మీద ములికి కదిపితే, యంత్రం అదే అక్షరాన్ని కావలసిన కొలతలో చెక్కుతుంది. దానితో వెడల్పువి, బక్కవి, నీడలున్నవి, నగిషీలున్నవి వందల రకాలు పుట్టాయి. సర్కసు పోస్టర్లలో, నేరస్థుడిని పట్టిస్తే బహుమతి అనే నోటీసుల్లో మనం చూసే ముఖం ఆ చెక్క అక్షరాలదే. ఈనాడు 'వింటేజ్' అని అడిగేవాళ్ల మనసులో ఉన్నది చాలావరకు ఇదే.

వీటిలో రకాలు ఉన్నాయా?

ఉన్నాయి. గుర్తుపట్టడానికి పీట మూల చూస్తే చాలు. మూల గుండ్రంగా వంగి ఉంటే క్లారెండన్ జాతి. లంబకోణంలో తెగిపోయి ఉంటే రేఖాగణితపు జాతి. 1929 నాటి మెంఫిస్, 1934 నాటి రాక్‌వెల్ ఈ రెండో కోవలోవి. పీట స్తంభం కంటే లావుగా ఉంటే అది సర్కసు పోస్టర్ల జాతి, ఫ్రెంచ్ క్లారెండన్ అంటారు. టైపురైటర్ అక్షరాలు కూడా చాలావరకు స్లాబ్ సెరిఫ్‌లే కానీ అవి సన్నవి. అక్కడ పీట వేరే అవసరం తీరుస్తుంది. ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఇవ్వాలి కనుక బక్కగా ఉండే 'ఐ' లాంటివాటి పక్కన మిగిలే ఖాళీని పీట నింపుతుంది.

మా జిల్లాల్లో ఏ పనులకు ఇది బాగుంటుంది? ఎక్కడ వద్దు?

సరుకుకు బరువు ఉన్నచోట అక్షరానికీ బరువు ఇవ్వండి. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పాత్రలకు పీటల అక్షరం అచ్చంగా సరిపోతుంది. బిందె చేత్తో ఎత్తినప్పుడు తెలిసే బరువు పేరు చదివేటప్పుడు కూడా తెలుస్తుంది. పలాస జీడిపప్పు ప్యాకెట్టు, బెల్లం డబ్బా, నూనె గానుగ, కలప అడితి, ఇనుప సామాన్ల దుకాణం, కాఫీ హోటలు, వ్యాయామశాల, నాటక సమాజం పోస్టరు: వీటికి నేను సందేహించకుండా వాడతాను.

పొందూరు ఖాదీకి మాత్రం వాడను. ఒకాయన తన ఖాదీ దుకాణానికి ఈ అక్షరమే కావాలని రెండుసార్లు వచ్చారు. పొందూరు నేత గొప్పతనమంతా సన్నదనంలో ఉంది. అక్కడ వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి, వంద కౌంటు దాకా వెళ్లే నూలు వడుకుతారు; కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. అంత సన్నని బట్ట మీద బండరాయిలాంటి పేరు పెడితే చూసేవాడికి దుప్పటి అమ్ముతున్నారనిపిస్తుంది. ఆయనకు రెండు నమూనాలు తీసి, చీర అంచు పక్కన పెట్టి చూపించాను. సన్నదే తీసుకున్నారు.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాటి స్వాగత బ్యానర్లకు బాగుంటుంది. అమ్మవారి చదురుగుడికీ కోటకూ మధ్య సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) మూడుసార్లు తిరిగే ఆ మంగళవారం జనం మధ్య నిలబడినవాడికి బ్యానరు కనిపించేది తలల మీదుగా, దూరం నుంచి, రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల కోసమే ఈ అక్షరం పుట్టింది. కానీ ఆ బ్యానరు మీద ఇరవై పేర్లు పెట్టమంటారు. ఇరవై పేర్లూ లావైతే ఏదీ లావు కాదు. ఒక్క మాటను లావుగా పెట్టి, మిగతావి సన్నగా కింద పెట్టడానికి ఒప్పుకోండి.

పెళ్లి శుభలేఖకు వాడవచ్చా?

వధూవరుల పేర్లకు వద్దు. కవరు మీద ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని ముద్రలా వేసుకుంటే అందంగా ఉంటుంది.

తెలుగులో స్లాబ్ సెరిఫ్ ఫాంటు దొరుకుతుందా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. నా జవాబు: వెతకకండి. తెలుగుకు పీటలు అక్కరలేదు.

ఎందుకో చెబుతాను. ఇంగ్లిషు పెద్దబడి అక్షరాలు రాతిమీద ఉలితో చెక్కిన అక్షరాల వారసులు. నిలువు గీత ఉంది, దానికి తల ఉంది, అడుగు ఉంది. పీట వేయడానికి చోటు ఉంది. మన అక్షరానికి గుండ్రదనమే ప్రాణం. తాటాకు మీద గంటంతో రాసిన చేతుల నుంచి మనకు ఈ ఒంపులు వచ్చాయని పెద్దలు చెబుతారు. ఈనె వెంట తిన్నగా గీత లాగితే ఆకు చీలుతుంది, ఒంపు తిరిగితే నిలుస్తుంది. ఉద్దానంలో, పూసపాటిరేగ తీరంలో తాటిచెట్లు చూస్తూ పెరిగినవాళ్లకు ఆకు స్వభావం ఇంకొకరు చెప్పనక్కరలేదు. 'ర', 'ల', 'న' చూడండి. అడుగున నేలకు ఆనేది గిన్నె అడుగులాంటి వంపు. ఆ గిన్నెకు చదరపు పీట అతికిస్తే అది అక్షరం రూపాన్ని చెడగొడుతుంది తప్ప నిలబెట్టదు. అలా గీసిన నమూనాలు నేను చూశాను, నేనూ గీసి చూశాను. 'ల' చివర దిమ్మ పెడితే ఒత్తు తగిలించినట్టు ఉంటుంది. 'ద' కింద పెడితే 'ధ' అనిపిస్తుంది. మన లిపిలో అడుగున చిన్న గీత చేరితే అక్షరమే మారిపోతుందని మరిచిపోకూడదు.

మరి తెలుగులో బరువు ఎక్కడ పెట్టాలి? నా అనుభవంలో మూడు చోట్లు. మొదటిది ఒంపు మందం, అది అంతటా ఒకేలా ఉండాలి. రెండోది తలకట్టు. పీట చేసే పనికి మన లిపిలో దగ్గరగా వచ్చేది తలకట్టే. దాని కొసను చదరంగా, దిట్టంగా కోస్తే ఇంగ్లిషు పీటకు పక్కన తోడు నిలుస్తుంది. మూడోది గీతల ముగింపులు. గుడి చివర, కొమ్ము చివర కొనదేరకుండా మొద్దుగా ముగిస్తే చాలు. ఈ మూడూ కుదిరితే ఎవరూ 'పీట ఏది' అని అడగరు.

ఉచితంగా దొరికేవాటిలో నేను ఎక్కువగా వాడేది రామభద్ర. లావుగా, గుండ్రని చివరలతో ఉంటుంది, బోర్డు మీద నిబ్బరంగా కూర్చుంటుంది. అనేక్ తెలుగు అనే ఫాంటులో మందం, వెడల్పు రెండూ మార్చుకునే వీలుంది. పక్కనున్న ఇంగ్లిషు అక్షరం బక్కదైనా, వెడల్పుదైనా దానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. బాలూ తమ్ముడు అనే ఫాంటు పిల్లల సరుకులకు బాగుంటుంది. గిడుగు, గురజాడ అనే ఫాంట్లు కూడా ఉన్నాయి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పేరు, విజయనగరంలో బతికిన గురజాడ అప్పారావు పేరు అక్షరాలకు పెట్టారని తెలిసిన రోజు నాకు ఎంతో సంతోషం కలిగింది. వాడుక మాట కోసం నిలబడిన ఇద్దరి పేర్లూ ఈ రోజు ఫాంట్ల జాబితాలో ఉన్నాయి. అయితే స్లాబ్ పక్కన బరువు కావలసినప్పుడు నేను రామభద్రకే వెళతాను.

మామూలు తెలుగు ఫాంటుకు అవుట్‌లైన్ వేసి లావు చేస్తే సరిపోదా?

సరిపోదు. ఈ పొరపాటు నేనే చేశాను, నష్టం ఒక జీడిపప్పు వ్యాపారికి జరిగింది.

మన లిపిలో 'ప'కూ 'వ'కూ తేడా ఎక్కడుందో చూడండి. 'వ'లో తలకట్టు అక్షరంతో కలిసి పైభాగం మూసుకుపోతుంది. 'ప'లో పైన సందు తెరిచి ఉంటుంది. ఆ సందే 'ప'. ఇప్పుడు కంప్యూటరులో అక్షరం చుట్టూ మందపాటి గీత వేస్తే, ఆ గీత బయటికీ లోపలికీ పెరుగుతుంది. సందు పూడిపోతుంది. నేను 'పలాస జీడిపప్పు' అని కూర్చాను, తెర మీద బాగానే కనిపించింది. చిన్న ప్యాకెట్టు మీద అచ్చయి, సిరా కాస్త పరుచుకునేసరికి 'వలాస జీడివవ్వు' అయింది. ఆ ఆర్డరు మొత్తం నా ఖర్చుతో మళ్లీ వేయించాను. ఆ ప్యాకెట్టు ఒకటి ఇప్పటికీ నా బల్ల అద్దం కింద ఉంది.

'ప' ఒక్కటే కాదు. ఘ, ఫ, ష, స, హ కూడా పైన సందు ఉన్న అక్షరాలే. ద-ధ, డ-ఢ, చ-ఛ, ప-ఫ జంటల్లో తేడా అంతా అడుగున ఉండే చిన్న నిలువు గీతలో ఉంది, లావు చేస్తే అది కలిసిపోతుంది. మంచి డిజైనరు గీసిన లావు ఫాంటులో ఈ సందులన్నీ ముందే చూసుకుని తెరిచి ఉంచుతారు. గీత లావైన మేరకు అక్షరం వెడల్పు కూడా పెంచుతారు. కంప్యూటరు బటను ఆ పని చేయలేదు. ఏ తెలుగు లావు ఫాంటునైనా కొనేముందు 'పప్పు, వప్పు, ధర, దర, ఫలహారం, ఘనం' అని కూర్చి, ఒక అంగుళం వెడల్పులో ప్రింటు తీసి, ఇంట్లో పెద్దవాళ్లతో కళ్లద్దాలు లేకుండా చదివించండి.

తెలుగు, ఇంగ్లిషు ఒకే బోర్డు మీద ఉండాలి. ఎలా జత చేయాలి?

పాయింట్ల (కంప్యూటరులో అక్షరం సైజు కొలత) అంకె చూసి జత చేయకండి. ఒకే 100 పాయింట్లు పెట్టినా ఒక ఫాంటులో తెలుగు చిన్నగా, ఇంకో దానిలో పెద్దగా వస్తుంది. నేను చేసే పద్ధతి ఇది: ఇంగ్లిషు 'ఐ' స్తంభం మందం, తెలుగు 'న' ఒంపు మందం పక్కపక్కన పెట్టి, రెండూ ఒకటయ్యేదాకా సైజు మారుస్తాను. ఆ తర్వాత నాలుగు అడుగులు వెనక్కి జరిగి కళ్లు సగం మూసి చూస్తాను. రెండు వరుసల నలుపూ సమానంగా కనిపిస్తే కుదిరినట్టు.

మన రెండు ఊళ్ల పేర్లే మంచి పాఠం చెబుతాయి. 'విజయనగరం' తెలుగులో కూర్చి చూడండి. ఒక్క ఒత్తు లేదు, ఒక్క కొమ్ము లేదు. మొదట ఒక గుడి, చివర ఒక సున్న, మిగతాదంతా కోటగోడలా ఒకే ఎత్తు. ఏ లావు ఫాంటులోనైనా అందంగా నిలబడుతుంది. 'శ్రీకాకుళం' అలా కాదు. 'శ్రీ' ఒక్కటే పైకి గుడి దీర్ఘంతో ఎగిసి, కిందికి ర ఒత్తుతో దిగుతుంది. పక్కన 'కాకుళం' బుద్ధిగా మధ్యలో ఉంటుంది. ఇరుకైన పట్టీలో పెడితే 'శ్రీ' కోసం మొత్తం పేరును కుదించాలి. అందుకే శ్రీకాకుళం బోర్డులకు పైనా కిందా ఖాళీ ఎక్కువ అడుగుతాను. యజమానులు ఆ ఖాళీలో ఫోను నంబరు పెట్టమంటారు. వద్దని బతిమాలతాను.

ఇంగ్లిషుకు వచ్చేసరికి ఇబ్బంది తారుమారవుతుంది. శ్రీకాకుళానికి 10 అక్షరాలు, విజయనగరానికి 12. పీటల అక్షరాలు వెడల్పువి కనుక 12 అక్షరాల పేరు బోర్డు దాటిపోతుంది. అప్పుడు మౌస్‌తో పక్కల నుంచి నొక్కేస్తారు. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడి, అడ్డపీటలు అలాగే మిగిలి, అక్షరం నలిగిన డబ్బాలా తయారవుతుంది. అదే ఫాంటులో బక్కరకం ఉంటే అది వాడండి. లేకపోతే సైజు తగ్గించండి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. మన ఊళ్లో బోర్డు మీద తెలుగు పైన ఉండాలి, ఇంగ్లిషుకు తగ్గని బరువుతో ఉండాలి. ఇంగ్లిషు పేరుకు బ్రహ్మాండమైన అక్షరం ఎంచి, కింద తెలుగును ఏదో ఒక సన్న ఫాంటులో తోసేయడం నాకు బాధ కలిగిస్తుంది. మన భాషను మన వీధిలోనే వెనక బెంచీ మీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

ఎంత సైజు పెట్టాలి?

బోర్డులు రాసేవాళ్లు తరతరాలుగా వాడే లెక్క ఒకటుంది. అక్షరం ఎత్తు ప్రతి అంగుళానికీ 10 అడుగుల దూరం హాయిగా చదవవచ్చు. రోడ్డుకు అవతల 40 అడుగుల దూరంలో నిలబడినవాడు చదవాలంటే కనీసం 4 అంగుళాల అక్షరం కావాలి. తెలుగులో ఈ కొలతను 'న' లాంటి ఒత్తులేని అక్షరానికి తీసుకోండి. పైన గుడి, కింద ఒత్తు చేరితే వరుస మొత్తం ఎత్తు దాదాపు రెట్టింపు అవుతుంది. బోర్డు కొలత ఇచ్చేముందు ఆ లెక్క వేసుకోవాలి. కంప్యూటరులో 72 పాయింట్లు ఒక అంగుళమే అయినా, అది అక్షరం నిలిచే చట్రం ఎత్తు. అక్షరం అంతకంటే చిన్నగా వస్తుంది. కాబట్టి స్కేలుతో కొలవండి.

అక్షరాల మధ్య ఖాళీ ఎంత ఉండాలి?

ఇంగ్లిషు పీటలు ఒకదానికొకటి తగిలీ తగలకుండా ఉంటే అందం. పెద్ద సైజులో ఖాళీ తగ్గించవచ్చు. కానీ కొన్ని జంటల దగ్గర చేత్తో సర్దాల్సిందే. శ్రీకాకుళం ఇంగ్లిషు పేరులో 'ఎల్' తర్వాత 'ఏ' వస్తుంది. 'ఎల్' పైభాగం ఖాళీ, 'ఏ' పైభాగం వాలు. ఆ రెంటి మధ్య గుంత పడి పేరు రెండు ముక్కలైనట్టు కనిపిస్తుంది. దాన్ని దగ్గరికి లాగండి.

తెలుగులో మాత్రం ఖాళీ తగ్గించకండి. కొమ్ములు, దీర్ఘాలు పక్క అక్షరాన్ని తాకితే చదవడం కష్టం. వరుసల మధ్య కూడా అంతే. పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకోకూడదు.

ఏ రంగులు? పాతగా కనిపించడానికి గీతలు, మరకలు వేయాలా?

పాత పోస్టర్లలో రెండు రంగులే ఉండేవి, ఒక్కో రంగుకు ఒక్కోసారి కాగితం మెషినెక్కాలి కనుక. గోధుమరంగు కాగితం మీద నలుపు, ఎరుపు ఇప్పటికీ అన్నిటికంటే మేలు. మరకల విషయంలో నా అభిప్రాయం వేరు. కొన్ని ఫాంట్లలో అరిగిపోయిన గుర్తులు ముందే వేసి ఉంటాయి. మూడు 'ఏ'లు ఉన్న పేరులో మూడింటికీ ఒకేచోట ఒకే గాటు కనిపిస్తుంది. నిజమైన చెక్క అక్షరాలు అలా అరగవు. శుభ్రమైన ఫాంటు వాడి, గరుకు కాగితం మీద అచ్చువేయండి. కాగితమే ఆ పని చేస్తుంది.

రూపాయి గుర్తు బదులు డబ్బా కనిపిస్తోంది. ఎందుకు?

మన రూపాయి గుర్తు 2010లో వచ్చింది. అంతకుముందు తయారైన ఫాంట్లలో, తర్వాత వచ్చిన కొన్ని పాతశైలి ఫాంట్లలో కూడా అది ఉండదు. ధరల పట్టీ చేసేముందే చూసుకోండి. లేకపోతే అంత మందం ఉన్న మరో ఫాంటు నుంచి ఆ ఒక్క గుర్తు తెచ్చుకోవచ్చు, లేదా తెలుగులో 'రూ.' అని రాయవచ్చు. 'రూ.' నాకు ఇంకా ఇష్టం.

డిజైను సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి. ఏమి చేయాలి?

తప్పు ఫాంటుది కాదు. భారతీయ లిపుల కూర్పు తెలిసిన ఇంజను ఆ ఫైలులో నడవడం లేదు. అడోబీ ప్రోగ్రాముల్లో అక్షర కూర్పు సెట్టింగును 'వరల్డ్-రెడీ' అన్నదానికి మార్చండి. పాత డీటీపీ ఫాంట్లలో కూర్చినదాన్ని యూనికోడ్ ఫాంటులోకి నేరుగా అతికిస్తే కూడా అర్థంలేని గుర్తులు వస్తాయి, ముందు మార్పిడి చేసుకోవాలి. ఫైలు ప్రెస్సుకు పంపేముందు అక్షరాలను గీతలుగా మార్చి, ప్రూఫు ఇంకోసారి చదివి, అప్పుడు పంపండి.

గోనె సంచుల మీద, బట్టసంచుల మీద వేయవచ్చా?

ఈ అక్షరానికి అంతకంటే మంచి చోటు లేదు. నెల్లిమర్ల వంటి జూట్ మిల్లు ఊళ్లు ఉన్న జిల్లా మాది. గోనె మీద ముద్రలు చూస్తూ పెరిగాం. గోనె నేత గడులు పెద్దవి. సన్నని గీత దారాల మధ్య తెగిపోతుంది. లావు గీత ఒక దారం వదిలినా పక్క దారం పట్టుకుంటుంది. గీత మందం కనీసం మూడు నాలుగు దారాల మేర ఉండేలా చూసుకోండి.

రేకు మీద కోసిన స్టెన్సిల్‌తో వేసేటట్టయితే, మూసుకున్న గుండ్రాల మధ్య ముక్క రాలిపోకుండా చిన్న వంతెనలు వదలాలి. ఇంగ్లిషులో 'ఓ', 'ఏ', 'డీ' లాంటి కొన్నింటికే ఆ అవసరం. తెలుగులో సున్నతో మొదలుపెట్టి ఎన్నో అక్షరాలకు కావాలి. వంతెనను తలకట్టు దగ్గర ఇవ్వకండి. అక్కడ సందు కనిపిస్తే మళ్లీ 'వ' కాస్తా 'ప' అయిపోతుంది. పక్కన, వంపు మధ్యలో ఇవ్వండి.

ఉచితంగా వాడుకోవచ్చా?

ఫాంటు కూడా ఒకరి కష్టం. దానికి షరతులు ఉంటాయి. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే ఆల్ఫా స్లాబ్ వన్, బెవన్, రాకిట్, ఆర్వో వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. వ్యాపారానికి, బోర్డుకు, ప్యాకెట్టుకు పైసా కట్టకుండా వాడవచ్చు. ఫాంటు ఫైలును విడిగా అమ్మడం మాత్రం కుదరదు. వీటిలో ఆల్ఫా స్లాబ్ వన్ బాగా బరువైనది. బెవన్ 1930ల నాటి జర్మన్ డిజైనరు హైన్రిక్ యోస్ట్ అక్షరానికి కొత్త రూపం. ఏదో వెబ్‌సైటులో 'సొంత వాడకానికి మాత్రమే' అని ఉన్న ఫాంటును దుకాణం బోర్డుకు వాడకూడదు. కొన్న ఫాంట్లలో కూడా కంప్యూటరుకు, వెబ్‌సైటుకు, యాప్‌కు లైసెన్సులు వేరువేరుగా ఉంటాయి.

వెబ్‌సైటులో పేరాలకు కూడా ఇదే వాడవచ్చా?

వద్దు. శీర్షికకు వాడి, పేరాకు మామూలు ఫాంటు పెట్టండి. ఫోనులో పది వరుసల లావు అక్షరం చదివితే కళ్లు నొప్పెడతాయి.

మా తాతగారి ప్రెస్సులోని చెక్క అక్షరాలు అటక మీద ఉన్నాయి. ఏమి చేయాలి?

దయచేసి పొయ్యిలో పెట్టకండి, పాత సామాన్లవాడికి తూకానికి ఇవ్వకండి. నీళ్లతో కడగకండి, చెక్క ఉబ్బి ఎత్తు మారుతుంది. ఎత్తు మారిన అక్షరం అచ్చులో పక్కవాటితో సమంగా పడదు. మెత్తని గుడ్డకు కొద్దిగా కిరోసిన్ అద్ది, ఎండిన సిరా తుడవండి, నీడలో ఆరనివ్వండి. నిలువుగా, ముఖం పైకి ఉండేలా పెట్టె సర్దండి. చెదలు పట్టకుండా వేపాకు వేయండి. అదే పెట్టెలో సీసపు అక్షరాలు ఉంటే వేరు చేయండి, పిల్లలకు అందనివ్వకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

తర్వాత ఒక్కో అక్షరానికి సిరా రాసి, తెల్లకాగితం మీద గరిటె వెనకభాగంతో రుద్ది ముద్ర తీయండి. ఏ ఏ అక్షరాలున్నాయో, ఏవి పోయాయో తెలుస్తుంది. తెలుగు చెక్క అక్షరాలైతే ఒత్తుల కోసం పెట్టె అడుగున ప్రత్యేకంగా వెతకండి, చిన్నవి కావడంతో ముందుగా పోయేవి అవే. ఆ ముద్రలు తీసుకుని మా దుకాణానికి రండి. స్కాన్ చేసి, ఫైలు మీకు ఇచ్చేస్తాను. దానికి డబ్బు తీసుకోను.